మరకల మాస్టారు ఉతికిన శాలువా

"ఇది నానమ్మ శాలువా కాదు," అంది బుజ్జి.

శాలువా మంచం మీద, చాకుతో కోసినట్టున్న నాలుగు మడతలతో, ప్లాస్టిక్ కవర్లో పెళ్ళికొడుకులా కూర్చుని ఉంది. కవరు మీద లాండ్రీ చీటీ కూడా ఉంది. దాన్ని తెచ్చింది బుజ్జి తండ్రే.

"అదేనమ్మా. ఉతికానంతే."

"కాదు. మార్చేశావు."

"అంచు చూడు, నీలం గీత. మూల కుచ్చు లేదు చూడు. దాన్ని కొరికేసింది ఎవరు?"

బుజ్జి మూల చూసుకుంది. కుచ్చు లేదు. కొరికింది తనే. అయినా ఒప్పుకోలేదు. శాలువాని కవర్లోంచి లాగి, ముక్కుకి ఆనించుకుని, గట్టిగా పీల్చి, తండ్రి వంక ఒక చూపు చూసింది. కుళ్ళిన పండుని అడుగున పెట్టి తూచిన వ్యాపారిని గిరాకీ చూసే చూపు అది.

"దీన్లో నానమ్మ లేదు," అని, శాలువాని కాలితో మంచం కిందికి తోసేసి వెళ్ళిపోయింది. దానికి నాలుగేళ్ళు.

అతను వంగి శాలువా తీసి మళ్ళీ మడతపెట్టాడు. మడత బాగా వచ్చింది.

అతను పనిచేసేది ఆస్పత్రులకీ హోటళ్ళకీ దుప్పట్లు ఉతికి ఇచ్చే పెద్ద లాండ్రీలో. అక్కడ అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు, అందరూ మరకల మాస్టారు అంటారు. డ్రమ్ముల్లో తిరిగి తిరిగి వచ్చాక కూడా మొండికేసిన మరకలన్నీ చివరికి అతని బల్ల మీదికే చేరతాయి. రక్తం, సిరా, తుప్పు, గోడ సున్నం, టానిక్కు. దేనికి వేడినీళ్ళు, దేనికి చన్నీళ్ళు, దేనికి ఎంతసేపు నాననివ్వాలి అన్నది అతనికి కొట్టిన పిండి. "ఇది పోదు" అన్న మాట అతని నోట ఇన్నేళ్ళలో ఎవరూ వినలేదు. ఆ మాట అనాల్సిన అవసరం రాకుండానే అతను ఉద్యోగం నిలబెట్టుకొచ్చాడు.

ఊరందరి మరకలూ వదలగొట్టినవాడికి సొంత ఇంట్లో ఒక మరక చిక్కలేదు. అమ్మ శాలువా మీద టీ మరక. బుజ్జి పాలు తాగే పిల్లగా ఉన్నప్పుడు, నానమ్మ ఒళ్ళో పడుకుని కాలు ఝాడిస్తే ఒలికిన టీ అది. అరచేతి మేర, గోధుమరంగులో, అంచులు ముదిరిపోయి ఉండేది. చూసినప్పుడల్లా అతని వేళ్ళు దురద పెట్టేవి. "ఇటివ్వమ్మా, ఒక్క పూటలో తీసేసి తెస్తాను" అనేవాడు. "నా మరక జోలికి నువ్వు రాకు. ఊళ్ళోవాళ్ళ మరకలు చాలడంలేదా నీకు?" అనేది ఆమె, శాలువా భుజాల చుట్టూ బిగించుకుంటూ.

అమ్మ పోయాక ఆస్పత్రి నుంచి ఒక సంచి ఇచ్చారు. అందులో కళ్ళజోడు, దువ్వెన, ఈ శాలువా. అతను సంచిని అలాగే లాండ్రీకి పట్టుకుపోయాడు. శాలువాని తన బల్ల మీద పరిచి, మరకకి మందు పెట్టి, నానబెట్టి, విడిగా చిన్న డ్రమ్ములో వేసి, ఆవిరి ఇస్త్రీ చేయించాడు. అమ్మకి తను చేయగల సేవ అదొక్కటే అనిపించింది. అనిపించింది అనడం కూడా ఎక్కువే. చేతులు వాటంతట అవే చేసుకుపోయాయి.

అమ్మ పోయిన రోజున అతను ఏడవలేదు. తర్వాతా ఏడవలేదు. పన్ను పీకే ముందు డాక్టరు సూది వేస్తే బుగ్గ ఉంటుందే, మనదే గాని మనది కానట్టు, కొరుక్కున్నా తెలియనట్టు, అతనికి ఒళ్ళంతా అలా ఉంది. పనికి వెళ్ళేవాడు. వచ్చేవాడు. పిల్లల బూట్ల లేసులు కట్టేవాడు. చుట్టాలు "రాయిలాంటి మనిషి" అన్నారు, మెచ్చుకోలుగా కొందరు, మరోలా కొందరు.

అతని భార్య బస్సు కండక్టరు. ఆవిడ అత్తగారి కోసం హాయిగా ఏడ్చింది, ఇంట్లో ఏడ్చింది, బస్సులో టికెట్లు కొడుతూ కూడా ఏడ్చింది. ఒకాయన చిల్లర కూడా తీసుకోకుండా దిగిపోయాడట.

"మీకేం అనిపించట్లేదా?" అని అడిగింది ఒకసారి.

"అనిపిస్తోంది."

"ఏమని?"

"ఏమో."

"మీతో మాట్లాడ్డం కంటే స్టాపులో స్తంభంతో మాట్లాడ్డం నయం. మొన్న పాలగిన్నె మాడి బొగ్గయిపోతుంటే పక్కనే కూర్చుని పేపరు చదువుకుంటున్నారు! వీధి చివరికి వచ్చింది వాసన. మీకు చీమ కుట్టినట్టయినా లేదు."

"చూసుకోలేదు," అన్నాడతను. ఆ ఇంట్లో పాలు విరిగాయో లేదో అతన్ని అడగడం మానేసి చాలా కాలమైంది. నాన్న బాగున్నాయన్నాడంటే పారబొయ్యాల్సిందే అని పెద్దోడు అంటుంటాడు. పెద్దోడంటే కొడుకు. రెండో తరగతి చదువుతున్నాడు.

నానమ్మ ఉన్నన్నాళ్ళూ మధ్యాహ్నాలు బుజ్జిని ఆమే చూసుకునేది. ఇప్పుడు బుజ్జి క్రెష్‌కి వెళ్తోంది. అక్కడ భోజనాలయ్యాక పిల్లలందరూ చాపల మీద పడుకోవాలి. బుజ్జి పడుకోదు. శాలువా లేకుండా దానికి నిద్ర రాదు, శాలువా ఏమో ఇలా అయింది.

శుక్రవారం సాయంత్రం క్రెష్ ఆంటీ గుమ్మంలోనే అతన్ని పట్టుకుంది.

"మీ పాప పడుకోదండీ. పడుకోకపోతే పోనీ, పక్కవాళ్ళని పడుకోనివ్వదు. నిన్న కిటికీ దగ్గర పిల్లల కనురెప్పలు ఎత్తి చూసింది, నిజంగా పడుకున్నారా లేదా అని. ఇవాళ అందరి బూట్లూ కలిపేసింది. ఒక్కో పిల్లకి జత చూసి తొడిగేసరికి నా తాతలు దిగొచ్చారు."

"చెప్తానండీ."

"చెప్తే వినే వయసా అది? సోమవారం చూస్తాను. అప్పుడూ పడుకోకపోతే ఇంక నావల్ల కాదు. మీరు వేరే చూసుకోండి."

వేరే అంటూ ఏమీ లేదు. క్రెష్ కాదంటే ఇద్దరిలో ఒకరు ఉద్యోగం మానాలి. "నేను మానేస్తాలెండి," అంది భార్య ఆ రాత్రి అన్నాలయ్యాక, యూనిఫాం బొత్తం కుట్టుకుంటూ. బొత్తం ఊడిపోకుండా దారం నాలుగు చుట్లు చుట్టింది. మానేసే మనిషి అంత గట్టిగా కుట్టదు. అతను అది చూశాడు. ఏదన్నా అనాలని కూడా తెలిసింది. దారపు ఉండ తీసి డబ్బాలో పెట్టాడు.

శనివారం మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ బుజ్జిని నిద్రపుచ్చే పని మీద పడ్డారు. తల్లి జోల పాడింది. బుజ్జి, రెండో చరణం తప్పు పాడావంది. పెద్దోడు తన పరిసరాల పాఠం పట్టుకొచ్చాడు. "ఇది చదివితే మా క్లాసులో అందరికీ నిద్రొస్తుంది, మేడంకి కూడా," అని గట్టిగా చదవడం మొదలుపెట్టి, రెండో పేరా దగ్గర తనే ఒరిగిపోయాడు. ఆ తర్వాత తల్లి. ఆ తర్వాత తండ్రి. ముగ్గురికీ తలో దుప్పటీ కప్పి, తండ్రి చెవులకి బట్టలారేసే క్లిప్పులు పెట్టి, బుజ్జి వంటింట్లోకి వెళ్ళి పంచదార డబ్బా దించుకుంది.

ఆదివారం భార్యకి డ్యూటీ. వెళ్తూ వెళ్తూ, "ఎలాగోలా ఇవాళ దాన్ని ఆ శాలువాతో పడుకోబెట్టండి. ఒక్కసారి పడుకుంటే రేపు అక్కడా పడుకుంటుంది," అని చెప్పి వెళ్ళింది.

అన్నాలయ్యాక అతను ఇస్త్రీ పెట్టె ముందు నిలబడ్డాడు. పిల్లల స్కూలు బట్టలు. కాలరు, చేతులు, వీపు. ఇస్త్రీ చేస్తుంటే ఏమీ ఆలోచించక్కర్లేదు. చాలాసేపటికి ఇంట్లో చప్పుడు లేదని గమనించాడు. చిన్నపిల్లలున్న ఇంట్లో చప్పుడు వినిపిస్తే కసురుకోవాలి, వినిపించకపోతే పరుగెత్తాలి. ఈ సంగతి తల్లులకి పుట్టుకతో తెలుస్తుంది, తండ్రులకి కాస్త ఆలస్యంగా తెలుస్తుంది.

అంతలో తలుపు చప్పుడైంది. పక్కింటి పెద్దాయన.

"ఏమయ్యా, ఎవరి నడుం పట్టేసింది?"

"ఎవరికీ ఏం లేదండీ."

"లేకపోవడమేమిటి? నొప్పుల మందు ఘాటు మెట్ల దాకా కొడుతోంది. మా ఆవిడ తుమ్మి తుమ్మి పడుకుంది. నీకు రావట్లేదూ?"

"వస్తోంది, వస్తోంది," అన్నాడతను.

"వస్తుంటే మరి అలా నిలబడ్డావేం?" అని ఆయన ముక్కు మూసుకుని వెళ్ళిపోయాడు.

అతను బాత్రూం తలుపు తీశాడు. పిల్లలిద్దరూ బకెట్టుకి అటొకరు ఇటొకరు గొంతుక్కూర్చుని ఉన్నారు. బకెట్లో శాలువా. చుట్టూ నానమ్మ మోకాళ్ళ మందు గొట్టం, చివరిదాకా నొక్కేసి ఉంది. తలనూనె సీసా. పౌడరు డబ్బా. దగ్గు బిళ్ళల కాగితాలు. ఒక కప్పులో పొద్దుటి టీ.

"ఏం చేస్తున్నార్రా?"

"నానమ్మని చేస్తున్నాం," అంది బుజ్జి, తలెత్తకుండా.

"నాన్నా, నువ్వు మధ్యలో మాట్లాడకు, లెక్క తప్పుతుంది," అన్నాడు పెద్దోడు. "బుజ్జీ, బిళ్ళలు కరిగాయా?"

"రెండు కరిగాయి. ఒకటి నేను తినేశా."

"ఎందుకు తిన్నావే?"

"సగం నోట్లో ఉండాలి కదరా! నానమ్మకి ఎప్పుడూ నోట్లోనే ఉండేది."

పెద్దోడు ఆలోచించి, ఆ మాట న్యాయంగానే ఉందని ఒప్పుకున్నాడు. ఇద్దరూ కలిసి శాలువాని పైకి ఎత్తారు. నూనె ఓ పక్క కారుతోంది. బిళ్ళల ఆకుపచ్చ రంగు మధ్యలో దిగింది. టీ మూడు చోట్ల. పౌడరు ముద్దలు ముద్దలుగా. అతని కళ్ళు ముందు మరకలే చూశాయి. నూనెకి పొడి, ఆ తర్వాత వేడి. రంగుకి చన్నీళ్ళు. టీ ఆరకముందే పట్టుకోవాలి. చెయ్యి దానంతట అది కుళాయి వైపు వెళ్ళింది.

"ముట్టుకోకు!" బుజ్జి శాలువాని గుండెలకి హత్తుకుంది. దాని గౌను కూడా ఖరాబైంది. "నువ్వు ముట్టుకుంటే మళ్ళీ పోతుంది!"

అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఉతకను. సరేనా?"

"నీకైతే బాగా తెలుస్తుంది నాన్నా," అన్నాడు పెద్దోడు. "మీ అమ్మ కదా. మేం మొన్నమొన్న పుట్టినవాళ్ళం. నువ్వు చూసి చెప్పు, వచ్చిందో లేదో."

తడి శాలువా అంచుని ఇద్దరూ అతని ముక్కు కింద పెట్టారు. అతను పీల్చాడు. తడి తగిలింది. చల్లదనం తగిలింది. ఇంకేమీ లేదు. మందు ఘాటుకి కళ్ళు మాత్రం భగ్గుమని మండి, నీళ్ళు తిరిగి చెంపల మీదికి కారాయి.

"నాన్న ఏడుస్తున్నాడు!" అని బుజ్జి గెంతింది. "వచ్చింది! నానమ్మ వచ్చిందా?"

నాలుగు కళ్ళు అతని వంకే చూస్తున్నాయి. ఔనంటే పిల్ల పడుకుంటుంది. రేపు క్రెష్‌లో పడుకుంటుంది. ఇంకో బొత్తం ఊడితే భార్య మళ్ళీ అంత గట్టిగానే కుట్టుకుంటుంది.

"వచ్చింది," అన్నాడు. "అచ్చం నానమ్మే."

బుజ్జి సంబరంగా శాలువాలో మొహం పెట్టింది. వెంటనే తీసేసింది.

"అబద్ధం. ఇది ఆస్పత్రి."

"లేదమ్మా..."

"నువ్వు అబద్ధం చెప్పావు. అన్నీ బాగున్నాయనే అంటావు. పాలు కూడా."

ఆ మాటకి పెద్దోడు తండ్రి మొహంలోకి తేరిపార చూశాడు. బయటికి పరుగెత్తి, చేతులు వెనక్కి పెట్టుకుని తిరిగొచ్చాడు. "నాన్నా, కళ్ళు మూసుకో." అతను మూసుకున్నాడు. "ఇదేంటో చెప్పు."

ముక్కు దగ్గర ఏదో మెత్తగా కదిలింది. "సబ్బు," అన్నాడు ఊహించి.

కళ్ళు తెరిస్తే అతని మేజోడే. నిన్నటిది. ఇద్దరూ కింద పడి దొర్లారు. బుజ్జి అలా నవ్వి చాలా రోజులైంది. "ఇంకోటి, ఇంకోటి!" అంటూ బూటు తెచ్చింది, ఉల్లిపాయ తెచ్చింది, చివరికి ఏమీ లేని ఖాళీ గుప్పిట తెచ్చింది. బూటుని పౌడరన్నాడు. ఉల్లిపాయని, కోసింది కాదు కాబట్టి, బూటన్నాడు. ఖాళీ గుప్పిటకి, "ఇది మేజోడు కదూ?" అన్నాడు.

"నాన్న ముక్కు చచ్చిపోయింది!" అని పెద్దోడు ఇల్లంతా చాటింపు వేశాడు. అతనికీ నవ్వొచ్చినట్టే ఉంది. పెదాల దాకా రాలేదు.

"ఎప్పట్నుంచి నాన్నా?"

"తెలీదురా. మెల్లిమెల్లిగా పోయింది. లాండ్రీలో ఆ మందుల ఆవిరికి."

"మరి చెప్పలేదేం?"

"మా పనిలో వాసన తెలియనివాణ్ణి ఎవరు ఉంచుకుంటారు? చూపుతోనే నెట్టుకొస్తున్నా."

"అంటే పాలగిన్నెకి అమ్మ నిన్ను ఊరికే తిట్టింది."

"పర్లేదులే."

బుజ్జి నవ్వడం ఆపేసింది. చేతులు నడుం మీద పెట్టుకుని ఆలోచించింది.

"అయితే నానమ్మ వాసన నీకు తెలీదా?"

"తెలీదమ్మా."

"అస్సలా?"

"చిన్నప్పుడు తెలిసే ఉంటుంది. గుర్తులేదు."

"అందుకా ఉతికేశావు?"

"అందుకే," అన్నాడు.

బుజ్జి పెద్దగా నిట్టూర్చింది. ఏమీ రాని పిల్లాడికి ఎవరో ఒకరు నేర్పాలి కదా అన్నట్టు అతని వేలు పట్టుకుని గదిలోకి లాక్కెళ్ళింది. "పడుకో," అంది. అతను పడుకున్నాడు. తడి శాలువాలో ఇంకా పొడిగా ఉన్న మూల వెతికి అతని మెడ కింద పెట్టి, పక్కన చేరి, నుదుటి మీద చెయ్యి వేసింది. నానమ్మ దానికి వేసినట్టే.

"ముందు మందు ఉంటుంది. మోకాళ్ళది. కానీ వీడు వేసినంత కాదు, చిటికెడు."

"సరే."

"మందు తర్వాత దిండు. ఎండలో పెట్టి తెస్తారే, ఆ దిండు. తర్వాత బిళ్ళ. కొత్త బిళ్ళ కాదు, అయిపోతున్న బిళ్ళ. చెప్పు."

"మందు, దిండు, బిళ్ళ," అన్నాడతను.

"ఆ. ఇంకా... వాన వచ్చినప్పుడు తలుపు తీస్తాం కదా, అప్పుడు వస్తుంది చూడు. అది కాళ్ళ దగ్గర. ఇంకా తాళంచెవి చాలాసేపు పట్టుకుని, వదిలేసి, చెయ్యి ఇలా చూసుకుంటే..." బుజ్జి అరచేతిని తన ముక్కు దగ్గర పెట్టుకుంది. "అది చేతుల్లో. తర్వాత టీ. నేను పోసిన టీ. అది కొంచెం తియ్యగా... మళ్ళీ మందు..."

"ఇంకా?"

"ఇంక మళ్ళీ... దిండు..."

నుదుటి మీది చెయ్యి బరువెక్కింది.

"నాన్నా, పడుకుంది," అన్నాడు పెద్దోడు గుమ్మంలోంచి, గట్టిగా గుసగుసలాడుతూ.

"ఊఁ."

"నువ్వు లేవకు. లేస్తే లేస్తుంది."

అతను లేవలేదు. శాలువా తడి చొక్కాలోకి దిగుతోంది. తాళంచెవి అన్న చోట అతనికి ఏదో అయింది. మత్తు దిగేటప్పుడు బుగ్గ మీద మొదటిసారి చీమ పాకినట్టుంటుంది, అలా. చిన్నప్పుడు తను స్కూలు నుంచి వచ్చేసరికి తలుపు తాళం తీస్తున్న చెయ్యి ఒకటి. అంతే. దాన్ని పట్టుకుందామని చూశాడు. మళ్ళీ ఏమీ లేదు.

భార్య సందు మలుపు నుంచే ముక్కు ఎగబీలుస్తూ వచ్చింది. "ఇదేం కంపండీ బాబూ! ఇల్లా, ఆస్పత్రా?" అని లోపలికి వచ్చి, మంచం చూసి, నోటి మీద చెయ్యి వేసుకుంది.

వంటింట్లో అతను చెప్పాడు. "నాకు వాసన తెలీదు. చాలా ఏళ్ళుగా."

ఆవిడ టికెట్ల సంచి భుజం మీంచి దించకుండానే పీట మీద కూలబడింది. "ఇన్నాళ్ళూ చెప్పకుండా తిట్లు తిన్నారా?" అంది చివరికి. తర్వాత ఏదో గుర్తొచ్చింది. "మరి కొత్తలో నా సెంటు చాలా బాగుందనేవారు?"

"అప్పుడు వచ్చేది."

"నిజంగా?"

"వచ్చేదనే అనుకుంటున్నా."

సంచితోనే ఒకటి వేసింది భుజం మీద.

శాలువాని అతను కుళాయి కిందికి పట్టుకెళ్ళాడు. కుళాయి పిడి మీద చెయ్యి వేసి కొంతసేపు నిలబడ్డాడు. టీ అప్పుడే అంచులు కడుతోంది. తిప్పలేదు. గట్టిగా పిండి, దండెం మీద ఆరేసి, క్లిప్పులు పెట్టాడు.

సోమవారం క్రెష్ గేటు దగ్గర శాలువాని సంచిలో పెట్టి బుజ్జి చేతికిచ్చాడు. పగలంతా బల్ల దగ్గర పని నడిచింది. మధ్యాహ్నం ఒక దిండుగలేబు మీది సిరాని రెండుసార్లు రుద్దాడు, మొదటిసారికే పోయిందని చూసుకోకుండా.

సాయంత్రం ఆంటీ గుమ్మంలోనే ఉంది.

"పడుకుందాండీ?"

"పడుకుంది. ముందు ఆ శాలువాని వరసగా పిల్లలందరి ముక్కులకీ పెట్టింది. ఇద్దరు తుమ్మారు. తర్వాత పక్క పిల్లాడి నుదుటి మీద చెయ్యేసి, ముందు మందు, తర్వాత దిండు అని ఏదో పాఠం చెప్పింది. వాడు పడుకున్నాడు. ఆ వెనకే ఇదీ పడుకుంది. సరే, రేపట్నుంచి మామూలుగానే పంపండి."

"అలాగేనండీ."

"కానీ ఆ శాలువా ఒక్కటి ఉతికించండి బాబూ. ఏం మరకలవి! మీరు లాండ్రీలోనే కదా? మరకల మాస్టారని కూడా పిలుస్తారట, మీ వాడు చెప్పాడు."

అతను సంచిలోంచి బయటికి వేలాడుతున్న అంచు వంక చూశాడు. నూనె. ఆకుపచ్చ రంగు. టీ. ఒక్క పూట పని.

"అవి పోవండీ," అన్నాడు.

"మీకు కూడానా?"

"నాక్కూడా. అవి పోయేవి కావు."

లోపల్నుంచి బుజ్జి వచ్చింది. శాలువా మెడ చుట్టూ చుట్టుకుని, ఆంటీ వంక చూసి, అవునన్నట్టు తలూపింది. దాని ఎడమ కాలికి తన బూటే ఉంది. కుడి కాలికి ఉన్నది ఎవరిదో.